పాత బండ్లకు ఈ10 పెట్రోలు అందుబాటులో ఉంచాలి

సంపాదకులకు,

ఈ20 పెట్రోలుతో, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో, పాత బండ్లు పాడైపోతాయని కొందరు, ఏ నష్టమూ లేదని కొందరు చాన్నాళ్లుగా వాదించుకుంటున్నారు. ఇద్దరూ పాత బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. 1995 నాటి కార్బొరేటర్ మారుతి 800 మీద, కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే 2016 నాటి ఇంజెక్షన్ కారు మీద, 2018లో కొన్న స్కూటర్ మీద ఈ పెట్రోలు ప్రభావం ఒకేలా ఉండదు. ఏ బండికి ఏ ముప్పు ఉందో, షెడ్డులో ఏం చేయించుకోవాలో పాఠకులకు వివరంగా తెలియాలి. ప్రభుత్వాన్ని, చమురు కంపెనీలను అడగాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరం.

పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం 2003లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది. 2022 జూన్ నాటికి అది 10 శాతానికి (ఈ10) చేరింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ఈ20 అమ్మకాలు ప్రారంభించారు. మొదట 2030కి అనుకున్న 20 శాతం లక్ష్యం 2025కే పూర్తయింది. బండ్ల సంగతి వేరు. ఈ20ని తట్టుకునే పైపులు, రబ్బర్లు సాధారణంగా 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకే వచ్చాయి. ఇంజిన్‌ను కూడా ఈ20కి తగ్గట్టు ట్యూన్ చేయడం అన్నది 2025 ఏప్రిల్ నాటి మాట. 2023కు ముందు కొన్న కోట్లాది బండ్ల మాన్యువల్‌లో చూడండి, సాధారణంగా 10 శాతం వరకే అని ఉంటుంది. ఇంకా పాతవాటిలో ఆ మాటే ఉండదు.

మొదట మైలేజీ. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌళ్లే ఉంటుంది. ఆ లెక్కన ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే ఈ20లో దాదాపు 7 శాతం, ఈ10తో పోలిస్తే సుమారు మూడున్నర శాతం శక్తి తక్కువ. ఈ10 మీద 18 కిలోమీటర్లు ఇచ్చిన కారు ఈ20 మీద 17.4 దగ్గర ఆగితే అది సహజమే. అదే కారు 14కి పడిపోతే తప్పు ఇథనాల్‌ది కాదు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరో, పట్టేసిన బ్రేకో, గాలి తగ్గిన టైరో, అరిగిన ప్లగ్గో ఉంటుంది. నీతి ఆయోగ్ 2021 జూన్‌లో విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళిక పత్రం కూడా పాత డిజైను కార్లకు 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గుతుందనే చెప్పింది. ఇలా తగ్గే శక్తికి పరిహారంగా ధర తక్కువ ఉండాలని కూడా అందులో ఉంది. ఆ సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

ఈ20 ఆక్టేన్, అంటే ఇంజిన్‌లో వేళకు ముందే పేలకుండా (నాకింగ్ లేకుండా) తట్టుకునే గుణం, 95 కాబట్టి పికప్ పెరుగుతుందన్న ప్రచారం కొత్త ఇంజిన్లకు వర్తిస్తుంది. ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజిన్, లేదా నాకింగ్ సెన్సార్‌తో ఇగ్నిషన్ టైమింగ్‌ను తనంతట తానే ముందుకు జరుపుకునే ఇంజిన్ ఆ ఆక్టేన్‌ను వాడుకోగలదు. ఎనిమిదిన్నర, తొమ్మిది కంప్రెషన్ నిష్పత్తితో, మారని టైమింగ్‌తో నడిచే పాత ఇంజిన్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక అసలు విషయం, గాలి-ఇంధనం పాళ్లు. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ10కి ఈ పాళ్లు 14.1 దగ్గర, ఈ20కి 13.5 దగ్గర ఉంటాయి. అంటే అంతే గాలికి ఈ10 కన్నా ఈ20 నాలుగైదు శాతం ఎక్కువ పోయాలి. ఇథనాల్ లేని రోజుల్లో సెట్ చేసిన కార్బొరేటర్‌కైతే తేడా 8 నుంచి 9 శాతం.

ఇంజెక్షన్ బండి ఈ తేడాను తానే సరిచేసుకుంటుంది. సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సార్ మిశ్రమం పలచబడిందని, అంటే గాలికి తగిన పెట్రోలు లేదని చెప్పగానే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీఎం) పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను కాస్త ఎక్కువసేపు తెరుస్తుంది. అలా కలపగలిగే హద్దు సాధారణంగా 20 శాతం దాకా ఉంటుంది, ఈ20కి అది సరిపోతుంది. అందుకే మంచి కండిషన్‌లో ఉన్న బీఎస్-4 కారు ఇంజిన్ గురించి బెంగ అక్కర్లేదు. ఒకసారి స్కానర్ పెట్టించి ‘లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్’, అంటే ఈసీఎం అదనంగా పోస్తున్న పెట్రోలు శాతం, చూడమనండి. అది ప్లస్ 5 నుంచి 8 మధ్య ఉంటే ఈ20 ప్రభావం అంతే. ప్లస్ 15 దాటితే ఇథనాల్‌తో పాటు ఇంకేదో ఉందని అర్థం: ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ దగ్గర లీకు, మూసుకుపోయిన ఇంజెక్టర్, నీరసించిన ఫ్యూయల్ పంపు, ముసలిదైన సెన్సార్. ఇంతకాలం బయటపడని ఈ జబ్బులు ఈ20 పోశాక హద్దు దాటి చెక్ ఇంజిన్ లైటుగా, మిశ్రమం పలచగా ఉందని చెప్పే పీ0171 కోడ్‌గా బయటపడతాయి. కోడ్ చెరిపేసి పంపించే మెకానిక్ పని చేయనట్టే లెక్క.

కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం ఎంతుంటే అంతే పోస్తుంది. మన రోడ్ల మీద ఇవి తక్కువేమీ కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చే వరకు మామూలు బైకులు, స్కూటర్లలో అత్యధిక భాగం కార్బొరేటర్‌వే. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 2000కు ముందు మారుతి 800 కూడా అంతే. మిశ్రమం పలచబడితే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు చోక్ ఎక్కువసేపు కావాలి. యాక్సిలరేటర్ తిప్పగానే బండి ఒక్క క్షణం తటపటాయిస్తుంది. వదిలినప్పుడు సైలెన్సర్‌లో టప్ టప్‌మని పేలుతుంది. ఇంజిన్ వేడెక్కుతుంది. ప్లగ్గు తీసి చూస్తే పింగాణీ లేత గోధుమ రంగులో కాక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసేసి, సైలెన్సర్ మార్చి తిరిగే కుర్రాళ్ల బండ్లలో మిశ్రమం అప్పటికే పలచగా ఉంటుంది, వాటి మీద దెబ్బ మరీ ఎక్కువ.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. కీహిన్ కంపెనీ కార్బొరేటర్ మెయిన్ జెట్టు మీది అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. 100 తీసి 102 వేస్తే రంధ్రం వైశాల్యం 4 శాతం పెరుగుతుంది. ఈ10 నుంచి ఈ20కి మారిన బండికి సరిగ్గా కావలసింది అదే. 105 వేస్తే 10 శాతం పెరిగినట్టు, అది ఎక్కువ. ఇతర కంపెనీల జెట్ల అంకెల లెక్క వేరు కాబట్టి ఆ రకంలోనే ఒక్క మెట్టు పెంచి చూడాలి. జెట్టులో పైకీ కిందికీ కదిలే నీడిల్‌కు (సూదికి) గాట్లు ఉంటే క్లిప్పును ఒక గాటు కిందికి దించితే సూది పైకి లేచి మధ్య స్పీడులో మిశ్రమం చిక్కబడుతుంది. గాట్లు లేని నీడిల్ కింద అర మిల్లీమీటరు వాషర్ వేయవచ్చు. ఐడిలింగ్ దగ్గర స్క్రూను పావు చుట్టు తిప్పితే సాధారణంగా చాలు. ఎటు తిప్పాలన్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలును నియంత్రించేది, బయటికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని నియంత్రించేది, లోపలికి తిప్పాలి. ముందు కార్బొరేటర్ విప్పి జెట్లు శుభ్రం చేయకుండా వీటిలో ఏది చేసినా వృథా. పాత జెట్టు రంధ్రంలో తీగ పెట్టి గెలికితే రంధ్రం కొలత పోతుంది, ఆ పని చేయనివ్వకండి.

టూ-స్ట్రోక్ బండ్లు ఇంకా ఉంచుకున్నవారు దీన్ని వాయిదా వేయకూడదు. ఫోర్-స్ట్రోక్ ఇంజిన్‌లో పలచని మిశ్రమం చికాకు పెడుతుంది. టూ-స్ట్రోక్‌లో అయితే పిస్టన్ బిగుసుకుపోయి సీజ్ అవుతుంది, ఎందుకంటే అక్కడ పెట్రోలు తగ్గితే దానితో వచ్చే ఆయిల్ కూడా తగ్గుతుంది.

రబ్బరు సంగతి ఇంజెక్షన్ బండికీ కార్బొరేటర్ బండికీ ఒకటే. పాత నైట్రైల్ రబ్బరు, మామూలు రబ్బరు, కార్క్ ప్యాకింగులు ఇథనాల్ తగిలితే క్రమంగా ఉబ్బుతాయి, మెత్తబడతాయి. బండి వాడకుండా వదిలితే ఆరి ముడుచుకుని పగుళ్లిస్తాయి. ఉబ్బడం, ఆరడం పదే పదే జరిగితే లీకు ఖాయం. ముందుగా పోయేవి: పెట్రోల్ కాక్ లోపలి సీలు, కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్ ఓరింగు, ఫ్లోట్ నీడిల్ రబ్బరు మొన, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ (రబ్బరు పొర), పాత కార్లలో ఇంజిన్ మీద ఉండే మెకానికల్ పంపు డయాఫ్రమ్. ఈ పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తే బండి నడపకండి. పంపు మార్చి, ఆయిల్ కూడా మార్చాకే స్టార్ట్ చేయాలి.

మార్చేటప్పుడు పాత రకమే మళ్లీ వేస్తే ఉపయోగం లేదు. ఓరింగులు ఇథనాల్‌ను తట్టుకునే ఎఫ్‌కేఎం, అంటే వైటాన్ రబ్బరు రకానివి అడగండి. పెట్రోలు పైపు మీద ‘ఎస్‌ఏఈ జే30 ఆర్9’ అన్న ముద్ర ఉండాలి. పాత పైపు లోపలి వ్యాసం కొలిచి అదే సైజు తీసుకోవాలి. బైకులకు అందంగా ఉంటుందని వేసే పారదర్శక ప్లాస్టిక్ పైపు కొన్ని నెలల్లోనే పసుపెక్కి, గట్టిపడి, కొన దగ్గర చిట్లుతుంది. వేడి ఇంజిన్ మీద చుక్కలు పడే చోట అలాంటి పైపు ఉండనే కూడదు. ఇంజెక్షన్ కారులో పైపు లోపల ఒత్తిడి 3 బార్ దాకా ఉంటుంది కనుక క్లాంపు కూడా ఇంజెక్షన్ రకానిదే వాడాలి, మామూలు పళ్ల క్లాంపు రబ్బరును కోసేస్తుంది. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బోనెట్ తెరిచి వాసన చూడటం, పైపు కొనలను తెల్ల గుడ్డతో తుడిచి చూడటం రెండు నిమిషాల పని. ఇది నెలకోసారి చేయండి.

కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో, కొన్ని పాత వాహనాల్లో 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చనీ, ఆ ఖర్చు స్వల్పమేననీ చెప్పింది. ఆ మాటలో నిజముంది. అయితే ఏ మోడల్‌లో ఏ భాగాలో ఎవరు చెప్పాలి? ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగే బైకుకు ఆ గడువు రెండు మూడేళ్లే. ఎక్కువమంది దృష్టిలో సర్వీసింగ్ అంటే ఆయిల్ మార్చి, చైన్ బిగించి, కడిగి ఇవ్వడం. భాగాల పేర్లు, నంబర్లు లేకుండా ‘మార్చుకోండి’ అంటే ఎవరూ మార్చరు.

లోహం విషయంలో పాత ట్యాంకే ముఖ్యం. ఇథనాల్ మంచి ద్రావకం. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన జిగురును, తుప్పు పొరను ఊడదీసి కిందికి తెస్తుంది. ఈ20 మొదలుపెట్టిన కొత్తలో బండి ఆగి ఆగి నడవడానికి చాలాసార్లు కారణం ఇదే. నాలుగైదు ట్యాంకులు తిరిగాక ఫ్యూయల్ ఫిల్టర్ ఒకసారి అదనంగా మార్చండి. ట్యాంకులో ఉండే పంపు జాలీ కూడా చూపించండి. జాలీ మూసుకుపోతే పంపు అరిచి అరిచి చస్తుంది, అప్పుడు ఖర్చు వేలల్లో ఉంటుంది. జింకు మిశ్రమంతో పోత పోసిన పాత కార్బొరేటర్ల బౌల్ అడుగున తెల్లటి పొడి పేరుకుంటే అది ఇథనాల్‌తో వచ్చిన తేమ చేసిన పని. బౌల్ తరచూ ఖాళీ చేయడం తప్ప దానికి దారి లేదు.

నీటి గురించి చాలా అపోహలున్నాయి. బంకులో కొన్న పెట్రోలును సీసాలో పోసి, నీళ్లు కలిపి ఊపి, అడుగున నీటి పొర పెరిగింది చూడండి, ఇది కల్తీ అని తీసిన వీడియోలు తిరుగుతున్నాయి. అది కల్తీకి రుజువు కాదు. పెట్రోలులోని ఇథనాల్ నీటిలోకి దిగింది, అందుకే ఆ పొర పెరిగింది. నిజానికి ఇథనాల్ ఎంత శాతమో తెలుసుకోవడానికి అదే పద్ధతి. నూరు మిల్లీలీటర్ల గీతల గాజు సిలిండర్‌లో 10 మి.లీ. నీళ్లు, అందులో చుక్క ఆహార రంగు వేయండి. 100 గీత వరకు పెట్రోలు పోసి, మూత పెట్టి ఒక నిమిషం ఊపండి. మధ్యలో మూత తీసి ఆవిరి వదలండి. పది నిమిషాలు కదపకుండా ఉంచి అడుగు పొర చూడండి. 19 దగ్గర ఉంటే ఈ10, 28 దగ్గర ఉంటే ఈ20, 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేనట్టు. ఒకటి రెండు మిల్లీలీటర్ల తేడా మామూలే. ఆరుబయట, మంటకు, స్విచ్చులకు దూరంగా చేయాలి. ఆ పెట్రోలును మళ్లీ ట్యాంకులో పోయకూడదు. ప్రీమియం అని పేరున్నంత మాత్రాన అందులో ఇథనాల్ లేదనుకోకండి, ఈ పరీక్షే చెబుతుంది.

అసలు ముప్పు ట్యాంకులోకి నీరు దిగినప్పుడు వస్తుంది. ఈ10 లీటరుకు సుమారు 5 మి.లీ. నీటిని తనలో కలుపుకోగలదు, ఈ20 అంతకన్నా ఎక్కువే. అంటే కొద్దిపాటి తేమను ఈ20 తీసుకెళ్లి కాల్చేస్తుంది, అది మంచిదే. హద్దు దాటితే మాత్రం నీరూ ఇథనాలూ కలిసి ఒక్కసారిగా విడిపోయి అడుగుకు చేరతాయి. పంపు గొట్టం ఉండేదీ అడుగునే. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ పడిపోతుంది. ఆయిల్ కలిపి పోసే టూ-స్ట్రోక్‌లో ఆయిల్ పై పొరలోనే ఉండిపోతుంది, ఇంజిన్‌కు ఆయిల్ లేని నీళ్లు అందుతాయి. అలా జరిగిందనిపిస్తే కిక్ కొట్టీ, సెల్ఫ్ నొక్కీ ప్రయత్నించకండి. కొత్త పెట్రోలు పోసి సరిచేయాలనీ చూడకండి. ట్యాంకు అడుగు నుంచి మొత్తం తీసేసి, బౌల్ స్క్రూ విప్పి వదిలి, ఫిల్టర్ మార్చి, తాజా పెట్రోలు పోయాలి.

ఈ నీరు చాలాసార్లు మన బండి మూత దగ్గరే వస్తుంది. బైకు ట్యాంకు మూత చుట్టూ పడిన వాన నీరు బయటికి పోయేందుకు ఒక సన్నటి రంధ్రం, దాని కింద పైపు ఉంటాయి. మట్టితో అది మూసుకుపోతే నీరంతా మూత రబ్బరు దాటి లోపలికి దిగుతుంది. వానాకాలానికి ముందు ఆ రంధ్రంలోకి గాలి కొట్టించి, మూత రబ్బరు మార్చండి. బండి కడిగేవాళ్లు ప్రెషర్ నీటిని మూత మీదికి కొట్టకుండా చూడండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో నెలల తరబడి కదలని బండ్లకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఇనుప ట్యాంకును నిండుగా ఉంచండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి. సగం ట్యాంకు మాత్రం వద్దు, ఖాళీ ఎంత ఉంటే తేమ గాలి అంత ఉంటుంది. కార్బొరేటర్ బండి అయితే కాక్ కట్టి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి, బౌల్ స్క్రూ తీసి మిగిలింది వదిలేయండి. రెండు నెలలు దాటిన పెట్రోలుతో దూర ప్రయాణానికి బయల్దేరకండి.

ఇథనాల్ నుంచి కాపాడుతాయంటూ అమ్మే సీసా మందులు తుప్పును కొంత ఆపగలవు. పలచబడిన మిశ్రమాన్ని సరిచేయలేవు, పోయిన రబ్బరును తిరిగి తేలేవు. ఫోర్-స్ట్రోక్ బండి పెట్రోలులో టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్ కలిపితే మేలన్న సలహా అసలు పాటించకండి. ప్లగ్గు, ఆక్సిజన్ సెన్సార్, సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే కన్వర్టర్ అన్నీ పాడవుతాయి.

ఇక అడగాల్సినవి. బ్రెజిల్ ఎన్నో ఏళ్లుగా ఇంతకన్నా ఎక్కువ శాతం కలుపుతోంది కదా అంటారు. నిజమే, కానీ అక్కడ దశాబ్దాల క్రితం నుంచే బండ్లను దానికోసం తయారు చేస్తూ వచ్చారు. అమెరికాలో 15 శాతం మిశ్రమాన్ని 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకే అనుమతించారు, మోటార్ సైకిళ్లకు నిషేధించారు. బ్రిటన్ 2021 సెప్టెంబరులో మామూలు పెట్రోలును 10 శాతానికి మార్చినప్పుడు పాత బండ్ల కోసం 5 శాతం పెట్రోలును సూపర్ గ్రేడ్‌గా ఉంచింది. మన నీతి ఆయోగ్ పత్రం కూడా పాత వాహనాల రక్షణకు ఈ10ను కొనసాగించాలనే చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలు ఎంచుకునే వీలు కావాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. అంతమాత్రాన ప్రభుత్వం తనంతట తానుగా ఈ10 ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ప్రతి మండల కేంద్రంలోనూ కుదరకపోవచ్చు. కనీసం ప్రతి జిల్లా కేంద్రంలో ఒకటి రెండు బంకుల్లో ఒక ట్యాంకు ఈ10కి కేటాయించడం చమురు కంపెనీలకు పెద్ద పని కాదు.

ప్రతి పంపు గన్ను దగ్గర ఇథనాల్ శాతం తెలుగులో, కనిపించే సైజులో రాయాలి. ప్రతి వాహన కంపెనీ 2023కు ముందు అమ్మిన మోడళ్లలో ఏది ఈ20ని తట్టుకుంటుందో, తట్టుకోని వాటిలో ఏ పైపు, ఏ ఓరింగు, ఏ డయాఫ్రమ్, ఏ జెట్టు మార్చాలో పార్టు నంబర్లతో ప్రకటించాలి, ఆ కిట్టును సర్వీస్ సెంటర్లలో అందుబాటులో ఉంచాలి. బంకుల భూగర్భ ట్యాంకుల్లో నీటి తనిఖీ వానాకాలంలో రోజూ జరగాలి. ఇథనాల్ కలిసిన నీటిని పట్టుకునే పేస్టుతోనే జరగాలి, పాత నీటి పేస్టు దాన్ని సరిగా చూపదు. రెండు రాష్ట్రాల పౌర సరఫరాల శాఖలు, తూనికలు కొలతల శాఖలు ఈ తనిఖీ ఫలితాలను బంకు గోడ మీదే అంటించేలా ఆదేశించాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఆటోమొబైల్ సర్వీసింగ్, శిక్షణ రంగాల్లో పనిచేస్తున్న పాఠకులు,
విజయవాడ